పందొమ్మిదో పేరు

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం హిమాయత్‌నగర్‌లో ఒక కెఫే మేడ మీద జరిగిన పొయెట్రీ నైట్‌కి వెళ్ళాను. టికెట్ 250 రూపాయలు, అందులోనే ఒక కాఫీ. పోస్టరు మీద ఇద్దరు అతిథి కవుల ఫొటోలు, కింద చిన్న అక్షరాల్లో ‘ఓపెన్ మైక్ కూడా ఉంటుంది’ అని. అంటే పేరు రాయించుకున్న ఎవరైనా వచ్చి చదవొచ్చు. ఆ ‘కూడా’ అన్న మాట అప్పుడు నా కంటికి ఆనలేదు. ఇప్పుడు ఈ రాతంతా ఆ మాట గురించే.

యాభై కుర్చీలు వేశారు. అన్నీ నిండాయి. మెట్ల దగ్గర కొందరు నిలబడ్డారు కూడా. మొదటి అతిథి ఇంగ్లీషులో ఒక అరగంట చదివారు. రెండో ఆయన తెలుగు. కాలేజీ రోజుల నుంచి ఆయన పుస్తకం నా దగ్గరుంది, అట్ట ఊడిపోతే క్యాలెండరు కాగితం వేసి అంటించుకున్న పుస్తకం. నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది ఆయన కోసమే. ఆయన బాగా చదివారు. కాఫీ మిషను జుయ్యిమన్నప్పుడల్లా ఆగి, అది సద్దుమణిగాక పాదాన్ని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. ఎనిమిదింపావుకి కార్యక్రమం నడిపిస్తున్న కుర్రాడు మైకు అందుకుని, అయిదు నిమిషాలు బ్రేక్, తర్వాత ఓపెన్ మైక్, పందొమ్మిది పేర్లు వచ్చాయి, ఎవరూ వెళ్ళొద్దు ప్లీజ్ అన్నాడు.

ఆ బ్రేకులో ఎప్పుడూ జరిగేదే జరిగింది. అతిథి కవి సంచీ భుజాన వేసుకుని, ఇంకోచోటికి వెళ్ళాలంటూ లేచారు. ఆయనతోపాటు ఓ పాతికమంది లేచారు. కొందరు సంతకం కోసం, కొందరు సెల్ఫీ కోసం, కొందరు ఊరికే, ఆయన లేచారు కాబట్టి. నేను సంతకం బాపతు. కింద పార్కింగులో ఎవరిదో స్కూటరు సీటు మీద పుస్తకం పెట్టి సంతకం చేసిచ్చారు. అట్టకు వేసిన క్యాలెండరు కాగితం చూసి నవ్వారు. పది నిమిషాలు మాట్లాడారు. నాకు పండగే. దాచుకోవడం ఎందుకు?

మళ్ళీ పైకి వెళ్ళేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఓపెన్ మైక్ నడుస్తోంది. ఒక్కొక్కరు వచ్చి చదువుతున్నారు, స్నేహితులు ముందు వరసలో కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్నారు, చదవడం అవగానే జట్టంతా కలిసి లేచి వెళ్ళిపోతున్నారు. పెళ్ళిలో స్టేజీ ఎక్కి ఫొటో దిగి అటునుంచి అటే భోజనాల హాలుకు పోయినట్టు. ఒక కుర్రాడు “సారీ గైస్, నాది తెలుగు” అని మొదలుపెట్టాడు. హైదరాబాదులో తెలుగు చదవడానికి సారీ ఎందుకో, అది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. అతనిది అయ్యాక నాకు తెలిసినాయన ఒకరు కనబడి, కింద టీ తాగుదాం రండి అన్నారు. వెళ్ళాను. టీ ఒకటి రెండయింది.

తిరిగి మెట్లెక్కి గుమ్మంలో నిలబడేసరికి గదిలో ఏడుగురున్నారు. నడిపిస్తున్న కుర్రాడు, సౌండు చూసే కుర్రాడు, బల్లలు తుడుస్తున్న కుర్రాడు, మూలన ఫోన్ చూసుకుంటున్న జంట, ముందు వరసలో ఒకమ్మాయి, మైకు దగ్గర ఇంకో అమ్మాయి. ఆ మైకు దగ్గరున్న అమ్మాయిది పందొమ్మిదో పేరు. స్టాండు ఎత్తుగా ఉంది. దించాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. మునివేళ్ళ మీద లేచి చదువుతోంది. నాకు దొరికింది చివరి రెండు పాదాలు.

“బాయి పూడ్చిన కాడ ఇల్లు కట్టిన్రు,
రాత్రి మా నాయిన గోడకు చెవి పెడ్తడు.”

అయిపోయింది. ముందు వరసలో అమ్మాయి చప్పట్లు కొట్టింది. బల్లలు తుడిచే కుర్రాడు కూడా, భుజం మీద గుడ్డతోనే.

నేను దగ్గరికి వెళ్ళి, “అమ్మా, మొదట్నుంచీ ఒక్కసారి చదువుతావా?” అని అడిగాను. అప్పటికే ఫోను బ్యాగులో పెట్టేసుకుంది. “హాస్టల్ గేట్ బంద్ చేస్తరు సార్. మళ్ళొచ్చే నెల చదువుతా” అంది. వాళ్ళది మక్తల్ దగ్గర ఏదో ఊరు అట. ఇద్దరూ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కాబట్టి ఆ కవిత ఎలా ఉందో నాకు తెలియదు. ఆ బావి ఎవరిదో, ఎందుకు పూడ్చారో, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, పైనున్న పాదాల్లో అంతా చెప్పే ఉంటుంది. లేదా పైనంతా ఉత్త గడ్డి అయి, ఆ రెండు పాదాలే పండి ఉండవచ్చు. అదీ తెలియదు. ముప్పై ఏళ్ళుగా కవిత్వమంటే ప్రాణమని చెప్పుకు తిరిగే మనిషిని, డబ్బులు కట్టి మరీ వెళ్ళి, ఆ కవిత చదువుతున్నంతసేపూ కింద టీ బండి దగ్గర రాజకీయాలు మాట్లాడుతున్నాను.

ఇంటికొచ్చే దారిలో నాకొక సంగతి తట్టింది. తట్టాక నెల రోజులుగా అదే నానబెడుతున్నాను. అతిథి కవి ముందు చదవకూడదు. చివర చదవాలి. పేరు రాయించుకున్న ప్రతివాళ్ళూ ఆయన ఎదుటే చదవాలి. ఇంతే నా వాదన. వినడానికి కుర్చీలు సర్దే విషయంలా ఉంటుంది. కానీ ఈ సాయంత్రాల మంచీచెడూ అంతా ఆ సర్దుడులోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సంస్కారం మీద వదలని వాళ్ళు

ఈ ఊళ్ళో ముషాయిరా, అదే ఉర్దూ కవుల సభ, గురించి ఒకరికి చెప్పాల్సిన పనిలేదు. దాని వరస మాత్రం ఒకసారి గుర్తు చేసుకోండి. పాత పద్ధతిలో దీపం కుర్రకవి ముందు మొదలై, ఒక్కొక్కరి ముందుకూ జరుగుతూ, ఉస్తాదుల దగ్గరికి చివర్న చేరేది. సదర్, అంటే సభాధ్యక్షుడు, అందరికన్నా ఆఖర్న చదువుతాడు. పెద్దాయన కోసం వచ్చిన జనం, ఆయన వంతు వచ్చేదాకా చిన్నవాళ్ళను వినక తప్పదు. పెద్దాయనకూ తప్పదు. అదే పరుపు మీద, అదే వరసలో, నిన్నగాక మొన్న గజల్ మొదలుపెట్టిన కుర్రాడి పక్కన కూర్చుని వినాలి.

పాతబస్తీలో ఒక ముషాయిరాకి మిత్రుడితో వెళ్ళాను ఒకసారి. నా ఉర్దూ ఆటో బేరానికి సరిపడా ఉర్దూ. ఇరవై ఏళ్ళుండవు, ఒక కుర్రాడు చదువుతుంటే షేర్వాణీ వేసుకున్న ముసలాయన ఒకరు చెయ్యి కొంచెం పైకెత్తి “ముకర్రర్” అన్నారు, మళ్ళీ చదవమని. కుర్రాడు మళ్ళీ చదివాడు. రెండోసారి గొంతు వణికింది. ఆ షేర్, ఆ రెండు పాదాలు, ఏమిటో నాకు అప్పుడే సగం అర్థం కాలేదు, ఇప్పుడు మొత్తం గుర్తులేదు. పైకి లేచిన ఆ చెయ్యి గుర్తుంది. ఆ ముసలాయన ముందే చదివేసి ఇంకో సభకి వెళ్ళిపోయి ఉంటే ఆ చెయ్యి లేచేది కాదు.

మన పద్యం వైపు చూసినా ఇదే తెలివి కనిపిస్తుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు, అవధాని చుట్టూ ఉంటారు. ఫలానా అక్షరం వాడొద్దంటూ నిషిద్ధాక్షరి అడిగినాయనకు పద్యం మొత్తం ఒక్కసారే చెప్పెయ్యరు. మొదటి ఆవృత్తంలో, అంటే మొదటి చుట్టులో, ఒక పాదం. తర్వాత సమస్య ఇచ్చినాయనకు ఒక పాదం, ఇచ్చిన పదాలతో అల్లే దత్తపదికి ఒకటి, వర్ణనకు ఒకటి. మధ్యలో గంట కొడుతుంటారు, అప్రస్తుత ప్రసంగి అడ్డం పడుతుంటాడు. ఇలా నాలుగు ఆవృత్తాలు తిరిగితే తప్ప ఎవరి పద్యమూ పూర్తికాదు. పూర్తయ్యాక ధారణ. అన్ని పద్యాలూ అవధాని వరసగా అప్పజెప్పాలి, అసలు మజా అక్కడుంది. ఇక పృచ్ఛకుడు మధ్యలో లేచి ఎక్కడికి పోతాడు? తన పద్యం మూడు పాదాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అవధానాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శన అంటారు గానీ, నా మటుకు నాకు అది మనుషుల్ని కూర్చోబెట్టే యంత్రం. ఎనిమిది మందిని చివరిదాకా కదలకుండా కట్టేసే కిటుకు ఇంతకన్నా మర్యాదగా ఇంకెవరూ కనిపెట్టలేదు.

మా పెదనాన్న పద్యనాటకాల పిచ్చివాడు. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ కృష్ణ రాయబారం నాటకం వేసినా సైకిలు మీద వెళ్ళేవాడు. నటుల్లో షణ్ముఖి కృష్ణుడా, పీసపాటి కృష్ణుడా అన్న తగాదాలో మా ఇంట్లో ఒక సంక్రాంతి మొత్తం పాడైంది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవాళ్ళు కదా, అంకానికొకరు. ఏ కృష్ణుడు ముందొస్తే జనం తర్వాత ఉంటారో, ఏ కృష్ణుణ్ణి ఆపి ఉంచితే తెల్లారేదాకా కదలరో నాటకాలు వేయించే కాంట్రాక్టర్లకు బాగా తెలుసునని ఆయన చెప్పేవాడు. పేరున్న కృష్ణుడి కోసం కూర్చున్న జనమే, పేరులేని అశ్వత్థామ ఒక పద్యం నిలబెడితే ‘ఒన్స్‌మోర్’ కొట్టేవాళ్ళు. ఆ నాటకం రాసిన తిరుపతి వెంకట కవుల పద్యాలు బడి మొహం చూడని వాళ్ళ నోళ్ళలో కూడా ఆడాయంటే, టికెట్టు కొనుక్కుని రాత్రంతా కూర్చున్న ఆ చెవుల వల్లనే.

చెప్పొచ్చేదేమిటంటే, ఈ మూడు చోట్లా వినడాన్ని మనుషుల సంస్కారానికి వదిలెయ్యలేదు. వరసలోనే పెట్టేశారు. ‘ప్లీజ్ ఎవరూ వెళ్ళొద్దు’ అని మైకులో బతిమాలుకునే పని వాళ్ళకు పడలేదు.

తర్వాత కవి సమ్మేళనాలు వచ్చాయి. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. అధ్యక్షుల వారు మొదట ముప్పావుగంట మాట్లాడి, మరో సభ ఉందని సెలవు తీసుకుంటారు. అప్పుడు కవులు మొదలవుతారు. మనిషికి మూడు నిమిషాలు. చివరి కవికి షామియానా తాళ్ళు విప్పే మనిషొక్కడే శ్రోత అన్న జోకు మీరూ నేనూ వందసార్లు విన్నాం. జోకు పాతబడింది గానీ షామియానా మనిషి ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఓపెన్ మైక్ ఆ బరువంతా దించేసింది. అందుకు దానికి దణ్ణం పెడతాను. బంజారాహిల్స్‌లో 2010లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక తెరుచుకున్నప్పటి నుంచీ ఈ ఊళ్ళో ఇలాంటి సాయంత్రాలకు ఒక అలవాటు పడింది. శాలువాల్లేవు, సమోసాలున్నాయి. అయితే శాలువా తీసేసినవాళ్ళు, పెద్దాయన ముందు చదివి వెళ్ళిపోయే అలవాటును మాత్రం అలాగే ఉంచేశారు.

నేను ఉగాదినాడు తిన్న పునుగులు

ఇంత చెబుతున్నాను గానీ, లేచి వెళ్ళిపోయిన వాళ్ళలో నేను పాత ముద్దాయిని.

చాలా ఏళ్ళ కిందట గుంటూరులో ఒక ఉగాది కవి సమ్మేళనం. నలభై మందికి పైనే కవులం. నాది పదకొండో నంబరు. పదో ఆయన చదువుతున్నంతసేపూ నేను నా కాగితమే చూసుకుంటున్నాను. ఒక పాదంలో ‘చిగురు’ రెండుసార్లు వచ్చిందని అప్పుడే కనిపెట్టి పెన్నుతో కొట్టేస్తున్నాను. ఆయన ఏం చదివారో దేవుడికే తెలియాలి. నాది చదివాను, చప్పట్లు పడ్డాయి, కుర్చీలో రెండు నిమిషాలు మర్యాదకు కూర్చుని, తెనాలి బస్సు టైమైందని పక్కాయన చెవిలో చెప్పి బయటపడ్డాను. వరండాలో అప్పటికే మరో నలుగురు కవులున్నారు. అందరికీ బస్సులే. అందరం కలిసి ఎదురుగా బండి దగ్గర పునుగులు తిన్నాం. లోపల్నుంచి స్పీకర్లో ఎవరిదో గొంతు వినబడుతూనే ఉంది. ‘ఇంకా కోయిల దగ్గరే ఉన్నారు’ అని మాలో ఒకాయన అంటే పడీపడీ నవ్వాం.

ఇందులో మనిషి చెడ్డతనం ఏమంత లేదనుకుంటాను. చదివేముందు భయం, చదివాక బడలిక. ఈ రెంటి మధ్య ఇంకొకరి కవితకు చోటుండదు. అందుకే ఎవరికి వారు బాగుపడాలి అనే సలహా మీద నాకు నమ్మకం లేదు. నన్ను నేనే బాగుచేసుకోలేదు, మొన్న హిమాయత్‌నగర్‌లో చూశారుగా.

అడ్డు చెప్పినవాళ్ళు

వచ్చిన మర్నాడే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను, కార్యక్రమం నడిపేవాడికి. ఓపిగ్గా విన్నాడు. విని, “బాగుందన్నా. కానీ గెస్ట్‌ని లాస్ట్‌కి పెడితే గెస్టే రాడు” అన్నాడు.

ఇది చిన్న దెబ్బ కాదు. ఈ కుర్రాళ్ళకు కెఫేవాడు గది ఇచ్చేదే నాలుగు కాఫీలు అమ్ముడవుతాయని. అతిథి పేరు లేకపోతే టికెట్లు తెగవు. అతిథికి ఇచ్చేది దారిఖర్చులు, ఒక మొక్క. మూడు గంటలు కూర్చోమనే హక్కు మాకెక్కడిదన్నా అంటాడు. పైగా పేరున్న కవుల్లో చాలామందికి అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళు, షుగరు, రాత్రి ప్రయాణం.

అతని మాటకు నా దగ్గర ఉన్న సమాధానం ఒకే ఒక్క మనిషి. విజయవాడలో ఒక గ్రంథాలయం హాల్లో, ఇలాంటిదే చిన్న సభ. అతిథిగా వచ్చినాయనకు డెబ్బై దాటాయి. పేరు చెప్పను, చెబితే ఆయనకు నచ్చదు. ఆయన నాలుగింటికే వచ్చి చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. పద్నాలుగు మంది కుర్రాళ్ళు చదివారు. ఆయన ఆహ్వాన పత్రిక వెనక ఏదో రాసుకుంటూ ఉన్నారు. తన వంతు వచ్చాక మైకు దగ్గరికి వెళ్ళి, పత్రిక తిరగేసి, నాలుగో కుర్రాడి కవితలోంచి ఒక పాదం చదివారు. “ఇది నేను రాసుండాల్సింది. ఈయన ముందే రాసేశాడు, ఏం చేస్తాం” అన్నారు. తర్వాత తన కవితలు రెండే రెండు చదివి దిగిపోయారు. ఆ నాలుగో కుర్రాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. తర్వాత అతను కవి అయ్యాడో, సాఫ్ట్‌వేర్‌లో చేరాడో, రెండూనో నాకు తెలియదు. ఆ ప్రశ్న కూడా అంత ముఖ్యం కాదు. ఆ పూట ఆ హాల్లో ఒక్కరూ లేవలేదు. ఆయన ఎవరిది చదువుతారోనని ప్రతి కుర్రాడూ కాచుకుని కూర్చున్నాడు.

అలాంటివారు ఎంతమంది ఉంటారు అంటే, తక్కువే. ఒప్పుకుంటాను. అయితే మనం అడిగి చూశామా? పిలిచేటప్పుడే, ‘మీరు ఇరవై నిమిషాలు చదవాలి, గంటన్నర వినాలి, రెండిటికీ కలిపే పిలుస్తున్నాం’ అని ఎవరైనా చెప్పారా? అసలు ‘అతిథి’ అనగానే తినిపోయేవాడని మనమే అనేసుకుంటున్నాం. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. తర్వాతి సంపుటాలకు హోటల్లో పనిచేసే మనిషినీ, బిచ్చమెత్తుకునే అమ్మనీ పిలిచారు. దాన్ని తిరుగుబాటుగా చెప్పుకుంటాం, నిజమే. నాకు అందులో ఇంకొక సంగతి నచ్చుతుంది. ఆ ముఖ్య అతిథుల్లో ఎవరికీ వేరే సభ ఉండే అవకాశం లేదు.

రెండో అభ్యంతరం మా అక్క కూతురిది. అది కూడా ఇలాంటి చోట్ల చదువుతుంటుంది. “మామయ్యా, నువ్వు మళ్ళీ పెద్దరికం తెస్తున్నావు. చివర చదివేవాడు గొప్ప, ముందు చదివేవాడు చిన్న. ఓపెన్ మైక్ పుట్టిందే అది వద్దని” అంది. ఇది నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే పాత సభల గురించి పైన నేను మురిపెంగా చెప్పినదాంట్లో చెప్పకుండా వదిలేసింది చాలా ఉంది. ఆ పరుపు మీద, ఆ వేదిక మీద ఎవరికి చోటుండేది? వినుకొండలో ఒక అవధాన సభలో కుర్ర జాషువా పద్యాలు చదివితే, వీణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేసినవాళ్ళు కూడా పద్యం తెలిసినవాళ్ళే. వినడం బాగా వచ్చిన చెవులే అవి. ఆ చెవులకు కులం కూడా బాగానే వినబడింది. తర్వాత చాలా ఏళ్ళకు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఎంత గొప్ప సన్నివేశమైనా అది వినుకొండను చెరిపెయ్యదు.

ఓపెన్ మైక్‌లో పేరు రాయించుకోవడానికి ఫోన్లో ఒక ఫారం నింపితే చాలు. ఇంటిపేరు అక్కర్లేదు, పుస్తకం వచ్చి ఉండక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. మక్తల్ పిల్ల అందుకే రాగలిగింది. ఆ జాబితాను నేను ముట్టుకోను. ముషాయిరాలోలా చిన్నా పెద్దా కొలిచి నంబర్లు వెయ్యమనీ అనను. చీట్లు తీసి వెయ్యండి. నేనడిగేది అతిథి ఒక్కడి సంగతి. అతనికి ఫొటో వేశారు, దారిఖర్చులిచ్చారు, జనం అతని కోసం వచ్చారు. అంటే పెద్దరికం ముందే ఇచ్చేశారు. ఇచ్చాక దాన్ని ఎవరికి పనికొచ్చేలా వాడాలన్నదే మిగిలిన ప్రశ్న. ముందు చదివించి పంపేస్తే అది అతనికే పనికొస్తుంది. చివరిదాకా ఉంచితే పందొమ్మిదో పేరుకు కూడా పనికొస్తుంది.

మా మేనకోడలు ఒప్పుకోలేదు. “అయితే అతిథే వద్దు” అంది. అదొక దారి. టికెట్లు అమ్మే కుర్రాణ్ణి అడగాలి.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనరు గానీ అందరి మనసులోనూ ఉండేది: అంత చెత్త ఎవడు వింటాడండీ? నిజమే. ఓపెన్ మైక్‌లో చదివేవాటిలో ఎక్కువ భాగం బాగుండవు. బ్రేకప్ కవితలు, అమ్మ కవితలు, మధ్యలో ఒక వీరేశలింగం మాస్టారి ఉపన్యాసం లాంటి కవిత. ప్రతి నాలుగు పాదాలకూ చప్పట్ల కోసం ఒక గట్టిమాట, ఆ మాట తర్వాత ఒక ఆగడం. ఈ ఆగడం ఎక్కడ నేర్చుకుంటారో గానీ అందరిదీ ఒకే కొలత. నేను గుంటూరులో చదివిందీ చెత్తే, రెండు చిగుళ్ళలో ఒకటి కొట్టేసినా సరే.

అయినా వినాలంటాను. అందుకు త్యాగం కారణం కాదు. అచ్చయిన పుస్తకంలో మనకు కవిత పండి కనిపిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో, ఎక్కడ చెడుతుందో తెలిసేది ఇక్కడే. వరసగా పది మంది నోట ‘మౌనం మాట్లాడింది’ విన్నాక, పదకొండోవాణ్ణి నేనైతే ఆ మాట నా కాగితంలో కొట్టేసుకుంటాను. ముందే వెళ్ళిపోయినవాడికి ఆ ఉపకారం జరగదు, వాడు ఇంకో ఇరవై ఏళ్ళు మౌనం చేత మాట్లాడిస్తూనే ఉంటాడు. అతిథి కవులకు కూడా ఈ వైద్యం అవసరమేనని ఒకటి రెండు కొత్త సంపుటాలు చూశాక అనిపించింది. పేర్లు అడక్కండి.

చికాగోలో దీనికి ఇంకొక మందు కనిపెట్టారు. 1986లో మార్క్ స్మిత్ అనే కట్టడపు పనివాడు గ్రీన్ మిల్ అనే బార్లో పొయెట్రీ స్లామ్ మొదలుపెట్టాడు. అక్కడ ముందు ఓపెన్ మైక్, తర్వాత అతిథి, ఆ తర్వాత పోటీ. జనంలోంచే ఎవరినో కొందర్ని పిలిచి మార్కులు వెయ్యమంటారు. నచ్చకపోతే మూలగొచ్చు, కాళ్ళు నేలకేసి కొట్టొచ్చు. మార్కుల కోసమైనా జనం కూర్చుంటారు. వరస చూడండి, అక్కడా ఓపెన్ మైక్ తర్వాతే అతిథి. అయితే మార్కులు మాత్రం మనకొద్దనిపిస్తుంది. మార్కులొస్తే గొంతులు పెరుగుతాయి. గోడకు చెవి పెట్టే కవితకు పదికి ఎంతేస్తారు? పోటీ పరీక్షలు మన పిల్లలకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఇక ఆచరణ చిక్కులు. అతిథి చివర అని తెలిస్తే జనం చివరికే వస్తారు. ఇది ఖాయం, పెళ్ళిళ్ళకు ముహూర్తం చూసుకుని భోజనానికి వెళ్ళే జాతి మనది. ఇద్దరు అతిథులుంటే ఒకరిని నడిమధ్యన, ఒకరిని ఆఖర్న పెడితే కొంత నయం. పందొమ్మిది పేర్లు తీసుకోకుండా పన్నెండుతో ఆపితే ఇంకా నయం. ఆడపిల్లలకు హాస్టల్ గేట్లున్నాయి, దూరం వెళ్ళేవాళ్ళకు మెట్రో ఉంది, అందువల్ల సాయంత్రం అయిదింటికే మొదలెట్టాలి. ఏడున్నరకు పోస్టరు మీద రాసి ఎనిమిదికి మొదలెట్టే గొప్ప సంప్రదాయాన్ని వదులుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఆ మైకు స్టాండు దించడానికి ఒక మనిషిని పెట్టాలి.

ఈ నెల శనివారం

పోయిన వారం ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. “అన్నా, నీ మాట ట్రై చేద్దామనుకుంటున్నం” అన్నాడు. పన్నెండు పేర్లకే ఫారం మూసేశాడట. అయిదున్నరకు మొదలట. ఆ అమ్మాయి పేరు రాయించుకుందా అని అడిగాను. ఫారంలో చూసి, లేదన్నాడు. పోయినసారి ఇచ్చిన నంబరుకు మెసేజ్ పెట్టమన్నాను. పెట్టాడట, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. పరీక్షలేమో.

ఈసారి అతిథి వరంగల్ నుంచి వస్తున్నారు. చివరిదాకా ఉండటానికి ఆయనకు అభ్యంతరం లేదట గానీ, రాత్రికి తిరిగి వెళ్ళిపోవాలట, ఉప్పల్లో బస్సెక్కాలట. ఆ టైములో క్యాబ్ దొరుకుతుందో లేదోనని ఆయన బెంగ. ఆ బెంగ పేరు చెప్పి కుర్రాడు మళ్ళీ ఆయన్ను ముందు చదివించేస్తాడేమోనని నాకు భయం వేసింది. ఉప్పల్ దాకా నా బండి మీద నేను దింపుతానని చెప్పేశాను. ఇంట్లో రెండో హెల్మెట్ ఒకటుండాలి, మా వాడు కాలేజీలో చేరినప్పుడు కొన్నది. అటక మీద వెతకాలి.